అక్షరం చెదరకుండా

డేగ గదిలోకి వచ్చేసరికి జట్టులోని పొడుగాయన ఇంకా బల్ల కింద వైర్లతో కుస్తీ పడుతున్నాడు.

డేగ అన్నది ఇంజనీర్లు చాటుగా పెట్టుకున్న పేరు. దూరాన ఉన్న పిల్లలకు కంప్యూటర్ తెర మీద పాఠాలు చెప్పించే సంస్థలో ఆయన పరీక్షాధికారి. ఆయన సరేనంటే తెర మీది బొమ్మను కుదించి పంపడానికి ఈ చిన్న జట్టు తయారుచేసిన పద్ధతి ఆ పాఠాల్లోకి వెళుతుంది. కాదంటే జట్టే ఉండదు.

పోయినసారి పరీక్ష మొదలైందనగానే ఆయన తెరకు ముక్కు ఆనించినంత పని చేశాడు. కుదించి పంపిన బొమ్మ సంగతి సరే, పోలిక కోసం పక్కన పెట్టిన అసలు బొమ్మ కూడా మసకేసిందన్నాడు. జట్టును నడిపే ఇంజనీరమ్మ ఆ రోజు కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఇవాళ మాత్రం ఆమె ముఖంలో బెరుకన్నది లేదు.

"పద్ధతి ముందు చెప్పనా సార్?"

"ఆ వైర్ల గొడవ తేలేలోపు కానివ్వమ్మా" అంటూ ఆయన వెనక వరసలో జారగిలబడ్డాడు.

ఆమె గోడ మీది తెరపై తన కాగితాలు తెరిచింది. ఈ పని నెత్తికెత్తుకోవడానికి కారణం తన పిన్నేనని మొదలుపెట్టింది. పిన్ని ఇలా తెర మీదే పాఠాలు చెప్పే లెక్కల టీచరు. ఇంటర్నెట్ లైను నాసిగా ఉన్న ఇళ్ళలో పిల్లలు ఆరును ఎనిమిదిగా చదివి, తప్పు టీచరు మీదకే నెట్టేవారు. ముఖాలు అద్దంలా వస్తాయి, అంకెలు మాత్రం వానలో చీమల్లా చెదిరిపోతాయి, ఏం చదువులే మీవి అని పిన్ని దెప్పిందట. డేగ నవ్వాడు.

మామూలు వీడియో తెరను గళ్ళుగా విడగొట్టి, ఒక గడిలో ఏముందో పక్క గడిని బట్టి ఊహిస్తుందని ఆమె వివరించింది. పొరుగింటిని చూసి ఈ ఇంటి సంగతి చెప్పడం లాంటిది. ఆకాశానికీ, చెంపకీ ఆ ఊహ చాలు. అక్షరం దగ్గర బోర్లా పడుతుంది. నల్లగీతకు పక్కనే తెల్లకాగితం మరి.

"అయితే మీరేం చేశారు?"

"ఆ అక్షరం ఇదే తెర మీద పైనెక్కడో ఒకసారి వచ్చే ఉంటుంది సార్. ఎటు, ఎంత దూరంలో ఉందో చెప్పి, అక్కణ్ణుంచి తెచ్చుకోమంటాం. మళ్ళీ గీసే పని లేదు."

"మొదటిసారి వచ్చేదో?"

"దాన్ని పూర్తిగా పంపాల్సిందే. కాకపోతే రంగులు రెండో మూడో ఉంటాయి కాబట్టి బరువు తక్కువ."

ఆయన ఊరుకోలేదు. పైకి పొమ్మన్నాడు, కిందికి రమ్మన్నాడు, గబగబా పేజీలు తిప్పించాడు. చీమతలకాయంత అంకెలున్న పట్టిక తెరిపించి, చివరి వరస కూర్చున్నచోటి నుంచే గడగడా చదివాడు. అంతలో చెయ్యెత్తాడు.

"ఆగమ్మా. 'బడి దిగిన పిల్లలు' అని ఉందేంటి? బండి కదూ?"

ఆమె వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి. పొడుగాయన బల్ల కింద నుంచి తల బయటపెట్టాడు. ఆమె తన చేతిలోని అచ్చుకాపీ తిప్పి, ఆ వాక్యం వెతికి పట్టుకుంది. అక్కడా బడే ఉంది. ఆమె భుజాలు తేలికపడ్డాయి.

"తప్పు నాదే సార్. టైపు చేసేటప్పుడు సున్న నేనే మింగేశాను."

"నీ సున్న నువ్వే మింగితే ఇక మీ పద్ధతినేమంటాం" అన్నాడు డేగ. పొడుగాయన కూడా నవ్వేసి, మోకాళ్ళు దులుపుకుంటూ లేచి నిలబడ్డాడు. అది చూసి డేగ కుర్చీలో నిటారుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మాటలు బాగానే చెప్పావమ్మా. ఇంత చక్కటి తెర ముందు కూర్చోబెట్టి ఎవరైనా చెబుతారు. పిల్లల ఇళ్ళలో ఉండే ఆ నాసి లైను మీద ఎప్పుడు చూపిస్తావు?"

ఆమె అచ్చుకాపీని మడిచి బల్ల మీద పెట్టింది.

"ఆ వైర్లు పోలికకు పెట్టే అసలు బొమ్మ కోసం. ఇంతసేపూ మీరు చదివింది ఆ నాసి లైను మీదే సార్."