నల్ల ఇసుక దిబ్బ

పేటంతా వదిన అని పిలిచే ఆవిడ ఒడ్డున వలలు ఆరబెడుతూ, దిబ్బ మీద వంగి ఇసుక తీస్తున్న కొత్త మనిషిని చూసింది.

కళ్లద్దాలు, నెరిసిన జుట్టు, చేతిలో కాగితం చుట్టిన అయస్కాంతం.

ఆయన దాన్ని ఇసుకకు ఆనించి పైకెత్తితే నల్లటి రేణువులు ముళ్లలా లేచి అంటుకున్నాయి. దులిపి సంచిలో పోసుకున్నాడు.

వదినకు ఒళ్లు మండిపోయింది.

కిందటేడు పక్క పేటకూ ఇలాగే ఒకడు సంచులతో వచ్చాడు. వాడి వెనకే ఓ కంపెనీ యంత్రాలు వచ్చాయి. దిబ్బ పోయింది. ఆ వానాకాలమే సముద్రం వీధుల్లోకి వచ్చింది. వదిన పుట్టిల్లు ఇప్పుడు నీళ్లలో ఉంది.

"ఎవరయ్యా నువ్వు? ఏం తవ్వుతున్నావ్?"

"ఇందులో ఇల్మెనైట్ అనే ఖనిజం ఉందమ్మా. మామూలు ఇసుక కన్నా బరువు. అందుకే అల వచ్చినా..."

"తెలుసులే. దాంట్లోంచి టైటానియం తీస్తారు, విమానాలకు వాడతారు, తెల్ల రంగు చేస్తారు. అన్నీ మీ కంపెనీవాళ్లు మైకులో ఊదరగొట్టారు. ఎవరివో గోడలు తెల్లగా మెరవడానికి మా గోడలు కూలాలా?"

కేకలు విని ఆవిడ మరిది వచ్చాడు. ఇంకొందరు పోగయ్యారు.

ఆయన కాస్త చెప్పనివ్వమన్నాడు. ఎవరూ చెప్పనివ్వలేదు.

"ఈ దిబ్బ కదిలిందంటే మీ ఇళ్లు నిలవవు" అన్నాడు చివరికి.

"బెదిరిస్తున్నావా?" మరిది చొక్కా పట్టుకుని ఒక్క తోపు తోశాడు.

కళ్లద్దాలు విరిగాయి. పెదవి చిట్లింది. సంచులన్నీ వదినే స్వయంగా అలల్లో గుమ్మరించింది.

ఆయన లేచి, వెనక్కి చూడకుండా రోడ్డు వైపు నడిచాడు. పోలీసులెవరూ రాలేదు. తోక ముడిచాడని పేటంతా నవ్వుకుంది.

వారం తిరక్కుండా అదే కంపెనీ ఈ దిబ్బ చుట్టూ కంచె వేసి కాపలా పెట్టింది. గుప్పెడు ఇసుక తీయడానికి కూడా ఎవర్నీ రానివ్వలేదు.

తవ్వకం ఆపమని పేట అప్పటికే కోర్టులో వేసిన కేసు విచారణకు వచ్చింది. కంపెనీవాళ్లు, దిబ్బకూ సముద్రం ముందుకు రావడానికీ సంబంధమే లేదన్నారు. ఉందనడానికి రుజువేదని జడ్జి అడిగారు. పేట తరఫు లాయరమ్మ తల వంచుకుంది. తవ్వకానికి అనుమతి వచ్చేసింది.

బయట వరండాలో వదిన ఆమె మీద విరుచుకుపడింది. నోరు పెగలనిదానివి నల్లకోటు ఎందుకు తొడిగావని నిలదీసింది.

లాయరమ్మకూ కోపం ఆగలేదు.

"రుజువు కోసం నేను పంపిన మనిషిని మీరే కొట్టి తరిమారు. కంపెనీ చెవిన పడుతుందని మీకు ముందు చెప్పలేదు, అది నా తప్పే. కానీ చేతిలో ఇసుక లేకుండా ఆయన మాట ఇక్కడ చెల్లదు. కొట్టినందుకు మీ మీద కేసు పెడతారా అని అడిగితే వద్దన్నాడు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది, దానికి మూలం నేనే అన్నాడు."

వదిన గొంతు దిగిపోయింది. "మూలమేంటి? ఎవరాయన?"

"ఈ ఒడ్డున ఇల్మెనైట్ ఉందని మొట్టమొదట కనిపెట్టి కంపెనీకి చెప్పింది ఆయనే, పక్క పేట మునిగిన మర్నాడే కంపెనీ ఉద్యోగం వదిలేసి, మీ తరఫున సాక్ష్యం చెబుతానని నా గుమ్మం ఎక్కిందీ ఆయనే."