వాగుడుకాయ గుండె

"ముందు ఆ పెద్దాయన్ని అక్కణ్ణుంచి లేపండి. ఫ్రేములో పడుతున్నారు!" అంది టీమ్ లీడర్.

లెక్చర్ హాలు మొదటి వరుసలో, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, సొంతింట్లో కూర్చున్నంత ధీమాగా ఉన్నాడొక ముసలాయన.

పెద్ద డాక్టరు గారు ఆ నెలాఖరుకు రిటైరవుతున్నారు. గుండెలో చిల్లుతో పుట్టినవాళ్ళ మీదే ఆయన జీవితమంతా పరిశోధన చేశారు. చిల్లు మరీ చిన్నదైతే కత్తి పెట్టనక్కర్లేదని తోటి డాక్టర్లను ఒప్పించారు.

ఆ కథను కొత్త విద్యార్థుల కోసం సినిమా తీసే పని ఆస్పత్రి మీడియా టీమ్ మీద పడింది.

లీడరుగా ఆమెకిదే మొదటి పని. మాట రాకూడదు.

"తాతగారూ, మీరు పేషెంటా?"

"ఆ భాగ్యం కూడా ఉందమ్మా."

"పేషెంట్ల మొహాలు సినిమాలో పడకూడదండీ. రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. అది మా రూలు."

"దానిదేముంది? పెన్నివ్వు."

"పైవాళ్ళు కూడా ఒప్పుకోవాలండీ. ఇప్పటికిప్పుడు తేలదు."

"డాక్టరు గారే రమ్మన్నారు తల్లీ. కొత్త పిల్లలొచ్చినప్పుడల్లా పిలుస్తారు."

"ఆయనకేం, మెత్తటి మనిషి. అందర్నీ రమ్మంటారు. తర్వాత అక్షింతలు పడేది మాకు."

"పోనీ, కెమెరా వెనక కూర్చుంటాను. చప్పుడు చెయ్యను." ముసలాయన నవ్వాడు. "అంటే, నేను చెయ్యను. నా గుండెకి మాత్రం పూచీ లేదు. వట్టి వాగుడుకాయ! పుట్టినప్పట్నుంచీ నోరు మూసింది లేదు. దేవుడు దానికంత నోరెందుకిచ్చాడో, పైకెళ్ళాక అడుగుతాను."

కెమెరామన్ పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ముసలాయన కర్ర ఊతంగా లేచాడు.

"వచ్చి వెళ్ళానని డాక్టరు గారితో ఒక్క మాట చెప్పమ్మా."

"తప్పకుండా చెబుతానండీ."

పని హడావిడిలో మరిచిపోయింది.

తీరా చూసుకుంటే సినిమా ఉప్పు లేని కూరలా ఉంది. ఆమె పాఠాల కోసం దాచిన పాత రికార్డులు వెతికింది. ఒక గుండె చప్పుడు దగ్గర చెయ్యి ఆగింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య, సందులోంచి గాలి దూరినట్టు 'స్‌స్‌స్' అంటోంది. గుండెలో చిల్లును చెవితో పట్టడం ఆ కాలేజీలో తరతరాల విద్యార్థులు దానితోనే నేర్చుకున్నారు.

ఎవరిదో మాత్రం రాసి లేదు. పేషెంటు పేరు బయటపెట్టకూడదన్న రూలు అప్పుడూ ఉంది.

సినిమా ఆ చప్పుడుతోనే మొదలుపెట్టింది.

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. డాక్టరు గారు తన పక్క కుర్చీలో స్టెతస్కోపు పెట్టి, ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

"మా పెద్దాయన వస్తారు. షూటింగ్ నాడు కూడా రాలేదు. ఎన్నడూ మానలేదే!" అన్నారు.

చెప్పడం మరిచిన మాట గుర్తొచ్చి, ఆమె గుమ్మం దగ్గరకు వెళ్ళి నిలబడింది.

దీపాలు ఆర్పబోతుండగా గుమ్మంలోకి ఒక నడివయసు స్త్రీ వచ్చింది.

"మా నాన్న పోయారండీ. డాక్టరు గారికి చెప్పమన్నారు."

"అయ్యో! గుండె..." అంది టీమ్ లీడర్.

"కాదండీ, నిమోనియా. గుండె కడదాకా నిక్షేపంగా ఉంది. ఈ కర్ర ఆయనకివ్వమన్నారు."

కర్ర చూడగానే టీమ్ లీడరు గుర్తుపట్టింది. ఆవిణ్ణి వెనక వరుసలో కూర్చోబెట్టి, తానూ పక్కనే చతికిలబడింది.

దీపాలు ఆరాయి. చీకట్లో హాలంతా ఆ చప్పుడు పరుచుకుంది.

ఆవిడ దిగ్గున లేచింది.

"ఇది మీకెక్కడిదండీ?"

"పాఠాల కోసం దాచిన పాత రికార్డండీ. ఎవరిదో తెలీదు."

ఆవిడ కర్రను గుండెలకు హత్తుకుంది.

"చిన్నప్పుడు మా నాన్న గుండెకి చెవి ఆనించి, రోజూ ఈ చప్పుడు వింటూనే నిద్రపోయేదాన్ని."