నూట పన్నెండో పేజీ

పాత పెళ్లిళ్ల రిజిస్టరులో నూట పన్నెండో పేజీ మాయమైంది. రికార్డు గది గుమస్తా రిజిస్టరు రెండుసార్లు తిరగేసింది. రేపు పొద్దున్నే తనిఖీ. పేజీ దొరక్కపోతే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

పెళ్లి వయసు చట్టం చరిత్ర మీద ఆఫీసు పుస్తకం వేస్తోంది. దానికి లెక్కలు తీసే పని ఆమెది. ఆడపిల్లకు మొదట పద్నాలుగేళ్లు నిండాలన్నారు, తర్వాత పదిహేను, ఇప్పుడు పద్దెనిమిది. చట్టం గీత జరిపినప్పుడల్లా ఎందరు పిల్లల వయసు పెంచి రాయించారో పట్టుకోవాలి. అందుకే నెల రోజులుగా పెళ్లికూతురి గడి మీదే ఆమె కన్ను. మగపిల్లాడికి అప్పట్లో పద్దెనిమిది; పుస్తకం ఆడపిల్లల లెక్కే అడిగింది కాబట్టి ఆ గడితో పనిపడలేదు.

నిన్న క్యారేజీ ఇవ్వడానికి అమ్మమ్మా తాతయ్యా ఆఫీసుకొచ్చారు. "మీ పెళ్లి పేజీదాకా వచ్చేశా. రేపు మీ గుట్టు రట్టు!" అని ఆమే నోరు జారింది. జారి ఊరుకుందా, చేతులు కడుక్కోవడానికి రిజిస్టరు వాళ్ల ముందే వదిలి వెళ్లింది.

ఇంకేముంది, దొంగ తాతయ్యే! "పెళ్లినాటికి మీ అమ్మమ్మ పసిపిల్ల. వేలు పట్టుకుని లోకం చూపించింది నేనే" అని యాభై ఆరేళ్లుగా మీసం తిప్పుతున్న మనిషి మరి. ఆ మాట వచ్చినప్పుడల్లా అమ్మమ్మ తల వంచుకుని కుట్టుపని చేసుకునేది. పాపం అనిపించేది.

సాయంత్రం గుమ్మంలోనే నిలదీసింది.

"పేజీ ఇచ్చెయ్ తాతయ్యా. అమ్మమ్మకి పదిహేను నిండకుండానే కట్టుకున్నావు కదూ?"

"నేనా? నాకేం తెలుసు!" తాతయ్య ముఖం కందగడ్డ చేసుకుని టీ కప్పు అందుకున్నాడు. చెయ్యి వణికి సగం టీ సాసర్లో పడింది.

ఆ వణుకు చూశాక ఆమెకు తట్టింది. పేజీ గీత గీసినట్టు తిన్నగా తెగి ఉంది. కత్తెర అంత తిన్నగా నడిపేది ఈ ఇంట్లో ఒక్కరే. సంచిలో కత్తెర లేనిదే ఆవిడ గడప దాటదు.

అమ్మమ్మ కుట్టుమిషను సొరుగు లాగి, కొలతల కాగితాల మధ్యనుంచి పేజీ తీసిచ్చింది.

"ఇదిగో, గమ్ము పెట్టి అతికించుకో."

"నీకంత అన్యాయం జరిగితే ఇంకా ఆయన్నే వెనకేసుకొస్తావేంటి అమ్మమ్మా?" మనవరాలు కళ్లు తుడుచుకుంది.

"ఏడవకే పిచ్చిమొద్దూ! ఆయన కోసం ఎవరు దాచారు? ఆనాటి గుమస్తా కూడా నీలాంటివాడే, నా గడి ఒక్కటే చూసి ముద్ర కొట్టేశాడు. రెండు గడులూ చదువు."

చదివింది: పెళ్లికూతురికి ఇరవై ఒకటి, పెళ్లికొడుక్కి పదిహేడు.