టచప్ మాస్టారి మొదటి రివ్యూ

కంప్యూటర్ తెర నిండా ఒక మగవాడి చెంప. దాని మీద మూడు ఎర్రటి గీతలు.

టచప్ మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని ఇంకాస్త ముందుకు వంగారు.

ఫోటో స్టూడియో మూతపడేదాకా ఆయన పని అదే. పెళ్లికూతుళ్ల మొటిమలు, పెళ్లికొడుకుల బట్టతలలు, ముసలివాళ్ల ముడతలు మాయం చేస్తూ సగం జీవితం గడిపేశారు. అసలు పేరు ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

స్టూడియో పోయాక ఇంట్లో ఈగలు తోలుకుంటూ కూర్చుంటే, చూడలేక బావమరిది ఆన్‌లైన్‌లో పనులు దొరికే సైట్‌లో ఆయనకో ప్రొఫైల్ పెట్టాడు.

"ఇక నుంచి ప్రపంచమంతా నీ స్టూడియోనే బావా," అన్నాడు.

ప్రపంచం మాత్రం ఆయన వంక కన్నెత్తి చూడలేదు. కనిపించిన ప్రతి పనికీ నేను చేస్తానంటూ రాయడం, ఫోను మోగుతుందేమోనని ఎదురుచూడటం. ఒక్కరూ పలకలేదు.

"రివ్యూ ఒక్కటి కూడా లేదుగా!" అన్నాడు బావమరిది. "ఏం చూసి నమ్ముతారు నిన్ను? మొదటిది పడేదాకా ఎవరేం అడిగినా కాదనకు. ఒక్కటి మంచిది పడిందంటే, ఇంక నువ్వు ఆగమన్నా పనులు ఆగవు."

భార్య ఏమీ అనేది కాదు. ఆవిడ ఒక్కదాని సంపాదనతోనే ఇల్లు నడుస్తోంది. అనకపోవడమే మాస్టారికి ఎక్కువ గుచ్చుకునేది.

చివరికి ఈ ఉదయం ఒకడు పలికాడు.

రెండు ఫోటోలు పంపాడు. ఒకటి పుట్టినరోజు పార్టీ. మధ్యలో కేకు, చుట్టూ చుట్టాలు. రెండోది అతనిదే, గోడ ముందు ఒంటరిగా నిలబడి తీసుకున్నది. నన్ను ఆ పార్టీలో నిలబెట్టండి, అన్నాడు.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"పాపం, వెళ్లలేకపోయాడు కాబోలు," అన్నారు భార్యతో.

పార్టీలో వెలుగు కుడివైపు నుంచి పడుతోంది, ఇతని మీద ఎడమవైపు నుంచి. అతని ఫోటోని అద్దంలోలా తిరగేస్తే వెలుగు కలిసింది గానీ చొక్కా జేబు అటువైపుకి పోయింది. జేబుని తెచ్చి మళ్లీ ఎడమవైపు అతికించారు. పక్కనున్న పెద్దాయన భుజం మీద అతని నీడ వేశారు. ఇప్పుడు చూస్తే, ఇందాకే కేకు తిని చెయ్యి తుడుచుకోవడం మర్చిపోయిన మనిషిలా ఉన్నాడు.

పంపగానే జవాబు వచ్చింది.

చాలా బాగుంది. చెంప మీద గీతలు తీసేయండి.

అవి ముందే కనిపించాయి. అడగనిది ముట్టుకోకూడదని వదిలేశారు. ఇప్పుడు పెద్దవి చేసి చూస్తున్నారు.

మొటిమేదో, బ్లేడు గాటేదో ఆయన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇవి గోళ్లు. తడి కూడా ఆరలేదు.

ఇంకో మెసేజ్ వచ్చింది. వెనక గోడ గడియారంలో ఎనిమిదవుతోంది. దాన్ని పది చేయండి.

ఆ వెంటనే ఇంకోటి. మధ్యాహ్నంలోగా కావాలి, చూపించాలి.

మాస్టారి చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది.

"ఎవరికి చూపించాలట?" వెనక నుంచి భార్య అడిగింది. ఆవిడ ఎప్పుడొచ్చి నిలబడిందో ఆయనకి తెలియదు.

బావమరిదికి ఫోన్ చేశారు.

"ఏ పిల్లి గీరిందో బావా! ఇన్నేళ్లూ పెళ్లికొడుకుల్ని బట్టతల ఎందుకొచ్చిందని అడిగావా ఏంటి? ఇప్పుడు చెయ్యనన్నావనుకో, ఒక్క స్టార్ పడేసి పోతాడు. మొదటి రివ్యూనే అలా తగలడితే ఇంక నీ మొహం ఎవరూ చూడరు."

'ఈ గీతలు ఎలా' అని టైప్ చేశారు మాస్టారు. కాసేపు చూసి చెరిపేశారు.

"వద్దులెండి," అంది భార్య. మళ్లీ తనే, "మీ ఇష్టం," అంది.

ఒక గీత పోయింది. రెండోది పోయింది.

మూడోది లోతుగా దిగింది. ఎవరో గట్టిగా పెనుగులాడారు. ఆ గోళ్లు ఎవరివో, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడుందో. కళ్లు తుడుచుకుని ఆ గీత కూడా తీసేశారు. గడియారం ముల్లు జరిపారు.

పంపిన కాసేపటికే రివ్యూ పడింది. అయిదు స్టార్లు. వాటి కింద అందరికీ కనిపించేలా రెండు ముక్కలు.

ఎవరూ కనిపెట్టలేరు. ఒక్క ప్రశ్న కూడా వేయడు.

సాయంత్రం బావమరిది స్వీట్ల డబ్బా పట్టుకుని దిగాడు. అప్పటికే ఫోను ఆగకుండా మోగుతోంది.

"చెప్పానా! పనులన్నీ నిన్నే వెతుక్కుంటూ వచ్చాయి, చూడు!"

మాస్టారు మొదటి మెసేజ్ తెరిచారు. మీ రివ్యూ చదివాను, ఈ పని మీవల్లే అవుతుంది, అని ఉంది. ఫోటోలో ఒకమ్మాయి. మెడ చుట్టూ కమిలిన మచ్చలు. అవి కనిపించకూడదట.

పక్కనుంచి చూస్తున్న భార్య చెయ్యి తెలియకుండానే తన మెడ మీదికి పోయింది.

మాస్టారు రెండోది తెరవలేదు.

"ఏరా," అన్నారు. "ఆ రివ్యూ తీసేయడం కుదురుతుందా?"

బావమరిది నోట్లో స్వీటుతోనే పకపకా నవ్వాడు.

"భలేవాడివే బావా! ఎవరైనా తీసేస్తారనా నీ భయం? ఒకసారి పడ్డాక దాన్ని చెరపడం ఎవరివల్లా కాదు."