కొండ కనిపించేదాకా

పక్క సీటులోని పెద్దావిడ పదోసారి బైనాక్యులర్ పైకెత్తింది. రేసు ట్రాకు వైపు కాదు, ట్రాకుకు ఆవల ఉండవలసిన కొండ వైపు.

ట్రాకు చక్కగా కనిపిస్తోంది. మలుపూ కనిపిస్తోంది. కొండనే పొగమంచు మింగేసింది.

“కార్లు పోయేది కిందమ్మా. మీరేమో పైకి చూస్తున్నారు,” అన్నాడు లిఫ్టు మెకానిక్.

“ప్రస్తుతం కింద కూడా ఏమీ పోవడం లేదుగా బాబూ!”

అది నిజం. అందుకే అతనికి ఒళ్ళు మండింది.

పదకొండేళ్ళుగా అతను ఒక్క డ్రైవర్నే టీవీలో ఆరాధిస్తున్నాడు. అభిమానులు ఆ డ్రైవర్ను ‘నల్ల హెల్మెట్’ అంటారు. ఈ ఆదివారంతో నల్ల హెల్మెట్ రేసులకు స్వస్తి చెబుతున్నాడు. ఆ కారు ఒక్కసారైనా కళ్ళముందు దూసుకుపోతుంటే చూడాలని, మెకానిక్ తన బావమరిదిని వెంటబెట్టుకుని పదిహేను గంటలు బస్సులో కూర్చుని వచ్చాడు.

శనివారం ఒక్క కారూ బయటికి రాలేదు. ఆదివారం మధ్యాహ్నం మూడైంది, ఇంకా రాలేదు.

మైకు మళ్ళీ గరగరలాడింది.

“కొండ మీదుగా ఆస్పత్రికి వైద్య హెలికాప్టర్ ఎగరలేనప్పుడు రేసు ప్రారంభించడం నిబంధనలకు విరుద్ధం. నాలుగు గంటల దాకా వేచి చూస్తాం. ఆ తర్వాత రద్దు.”

“ఈ రూలు పెట్టినవాడెవడో గానీ, వాడి...” అనబోయి బావమరిది, పక్కన పెద్దావిడ ఉన్న సంగతి గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

“తిట్టుకో నాయనా, ఫరవాలేదు,” అంటూ ఆవిడ ఫ్లాస్కు మూతలో వేడి టీ పోసి అతనికి అందించింది.

మెకానిక్ కోపం బావమరిది మీదికి మళ్ళింది. “నీ అదృష్టం చొక్కా ఏం చేస్తోందిరా? అది తొడుక్కుంటే అడ్డే ఉండదన్నావు. ఉతకనివ్వకుండా మీ అక్క ప్రాణం తీశావు!”

“అది రేసుకు పనిచేస్తుంది బావా. వాతావరణానికి కాదు.”

ఆవిడ నవ్వింది. “గాలి మళ్ళితే గానీ ఈ మంచు కదలదు.”

“మీరు వాతావరణ శాఖా?”

“టైలర్ని బాబూ. మీరు?”

“లిఫ్టులు బాగుచేస్తాను.”

“మరి బ్రేకు మీద అనుమానం వస్తే లిఫ్టు ఆపేస్తారుగా? జనం తిట్టరూ?”

“తిట్టకేం! మెట్లెక్కినంతసేపూ నా వంశమంతటినీ తలుచుకుంటారు. కానీ అది వేరు, ఇది వేరు.”

“ఎలాగ?”

 ఆ ప్రశ్నతో అతని చిరాకు రెట్టింపైంది.

మూడున్నరకు అతనే ఒక కాగితం సంపాదించి రాశాడు: ‘రేసు మొదలుపెట్టండి. డ్రైవర్లు చిన్నపిల్లలు కారు. రోడ్డు మీద అంబులెన్సులు ఉండనే ఉన్నాయి.’

కాగితం ప్రేక్షకుల స్టాండంతా చేతులు మారింది. జాగా చాలక వెనకవైపు కూడా సంతకాలు పెట్టారు. చివరికి అది ఆవిడ దగ్గరికొచ్చి ఆగింది.

“నేను పెట్టను.”

“రెండువందల మంది పెట్టారమ్మా! మీరూ పెడితే మీకేం పోతుంది?”

“నాకా? ఇంకేమీ పోదు.”

“మరి?”

ఆవిడ కాగితాన్ని అంచులు కలిపి మడిచి, అతనికి తిరిగి ఇచ్చేసింది.

“అంత భయమైతే ఇంట్లో కూర్చుని మిషను తొక్కుకోవచ్చుగా!” వెనక వరుసలోంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి.

మెకానిక్ నవ్వలేదు. అంతకన్నా పెద్ద మాటే అన్నాడు.

“రేసు జరగకూడదనుకునేవాళ్ళకు ఇక్కడేం పనమ్మా? సీటు ఖాళీ చేస్తే ఇంకో అభిమాని కూర్చుంటాడు.”

ఆవిడ లేచింది. ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని, ఒక్కో మెట్టే దిగి వెళ్ళిపోయింది.

నాలుగైంది. రేసు రద్దయింది.

జనం ఈలలు వేశారు, కుర్చీలు బాదారు, నోరు నొప్పిపుట్టేదాకా తిట్టి బయటికి నడిచారు. మెకానిక్ మాత్రం లేవలేదు. పదకొండేళ్ళూ ఒక్కసారిగా మీద పడినట్టు కూలబడిపోయాడు.

బావమరిది అతని భుజం పట్టి కుదిపాడు. “బావా! అటు... మెట్ల వైపు చూడు!”

నల్ల హెల్మెట్‌ను చంకలో పెట్టుకుని ఆ డ్రైవరే పైకి వస్తున్నాడు. తిన్నగా వాళ్ళ వరుసకే వచ్చి, ఖాళీ సీటు ముందు ఆగాడు.

మెకానిక్ రెండు చేతులతో కాగితం చాపాడు. “మీ కోసమేనండీ... మేమంతా పోరాడాం!”

డ్రైవర్ చదివాడు. ఆ మూడు ముక్కలనే చాలాసేపు చదివాడు.

“ఇక్కడ కూర్చునే అమ్మగారేరి? ఏటా ఈ సీటు ఆవిడదే. వెళ్ళేముందు ఒక మాట చెప్పి పోదామని వచ్చాను.”

“ఆ టైలరమ్మా? సంతకం పెట్టనంది. మేమే... పంపించేశాం.”

“నిరుడు నా కారు బోల్తాపడినప్పుడు ఇరవై నిమిషాల్లో నన్ను ఆస్పత్రిలో దించింది ఆ హెలికాప్టరే. ఆ రూలు పెట్టించింది ఆవిడ. రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగారు.”

“ఆవిడా?” అన్నాడు మెకానిక్. “బట్టలు కుట్టుకునే ఆవిడకు రేసులతో ఏం పనండీ?”

డ్రైవర్ కాగితాన్ని అతని చేతిలోనే పెట్టేశాడు.

“ఆరేళ్ళ కిందట ఇలాగే కొండ కనబడకపోయినా జెండా ఊపేస్తే, ఈ మలుపులోనే గోడకు గుద్దుకుని, ఆస్పత్రి చేరకముందే అంబులెన్సులోనే పోయిన కుర్రాడు ఆవిడ ఒక్కగానొక్క కొడుకు.”