పడవ పేరు గడి

పట్నంలో మనుషులందరి వివరాలూ ఒకే పట్టికలో ఉండేవి. గుమాస్తాకూ, పడవ నడిపే సరంగుకూ అవే గళ్ళు. ఎవరికి పనికిరానివి వాళ్ళ వరసలో ఖాళీగా పడుండేవి. నమోదు కార్యాలయంలో గుమాస్తా నూకరత్నం వరసలో 'పడవ పేరు' గడి ఇరవయ్యేళ్ళుగా ఖాళీ. సరంగుగా బతికిన ఆమె నాన్న వరసలో మాత్రం 'గౌరీపుత్రి' అని ఉంది. రోజూ పని మొదలుపెట్టే ముందు ఆ రెండు గళ్ళూ చూసుకోవడం ఆమెకు అలవాటు.

ఆ రోజు పట్టికను వృత్తికొకటిగా విడగొడుతున్నారు.

"గుమాస్తాలకి పడవ గడి తీసేత్తన్నానక్కా. ఎలాగూ ఖాళీయే గదా," అంది పక్క బల్ల దగ్గరి పైడితల్లి.

"ఖాళీ అంటే ఇంకా రాయలేదనే," అంది నూకరత్నం.

తన వృత్తి గడిలో 'గుమాస్తా' చెరిపి 'సరంగు' అని కొట్టింది. ఆమె వరస సరంగుల పట్టికలోకి జారింది. పడవ గడి తెరుచుకుంది. పేరు కొట్టబోయేసరికి కంప్యూటర్ తెర ఆరిపోయింది. అది గుమాస్తాలకే వెలిగే తెర.

పైడితల్లి బిత్తరపోయింది. "పేరేంటో సెప్పక్కా, నా తెర మీంచి కొడతాను."

నూకరత్నం చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. కిటికీ అవతల రేవు కనిపిస్తోంది.

"ఖాళీగానే ఉంచవే. ముందు పడవని చూసొస్తాను."