ఫర్నేసు వైరు

ఒక్క ఇంజెక్షన్‌తో ఎవరి పళ్లు వాళ్లకే మళ్లీ మొలిచే రోజులొచ్చాక, పంటి క్యాపులు చేసే ల్యాబుతో ఎవరికేం పని? గుంటూరులో మిగిలిన ఆ ఒక్క ల్యాబూ మూతపడి చాలాకాలమైంది. దాన్ని నడిపిన ఏసుపాదం మాత్రం, మైనం అచ్చులు కాల్చిన చిన్న ఫర్నేసును ఇప్పటికీ వారం వారం శుభ్రం చేస్తూనే ఉన్నాడు.

ఇవాళ దాన్ని తీసుకెళ్లడానికి మ్యూజియం నుంచి తబస్సుమ్ అనే అమ్మాయి వచ్చింది.

"ఇప్పుడెందుకు తాతగారూ తుడవడం? మసి ఉంటేనే చూసేవాళ్లకి బాగుంటుంది," అంది.

"మురికి ఫర్నేసు ఇంకొకరి చేతికి ఇవ్వకూడదమ్మా. శుభ్రం చేశాకే డ్యూటీ దిగేవాళ్లం."

ముందుగా వైరు ఊడదీసి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. అది ల్యాబులో అందరి కట్టుబాటు. లోపల చెయ్యి పెట్టేవాడి దగ్గరే వైరుండాలి. వాడు తిరిగిచ్చేదాకా ఎవరూ స్విచ్చి వెయ్యకూడదు. తర్వాత ఫర్నేసు తలుపు దగ్గర చెయ్యి అడ్డంపెట్టి వేడి లేదని చూసుకున్నాడు. మాస్కు కట్టుకుని, నోటితో ఊదకుండా, మెత్తటి బ్రష్షుతో దుమ్ము నెమ్మదిగా లాగాడు.

మాస్కులోంచే పాత మైనం వాసన తగిలింది. ఆ వాసనలోనే ఒకప్పుడు ఆయన భార్య మరియమ్మ ఎదురుబల్ల మీద పళ్లకు రంగులద్దుతూ, "అన్నానికి లేస్తారా, లేదా?" అని కేకేసేది.

తబస్సుమ్ ఫర్నేసును బండెక్కించుకుని వెళ్లిపోయింది. సాయంత్రం ఫోన్ చేసింది.

"తాతగారూ, వైరు కనబడట్లేదు. మీ దగ్గరే ఉండిపోయిందా?"

ఏసుపాదం జేబు తడుముకున్నాడు.

"నా దగ్గరే ఉందమ్మా. కాస్త ఆగి ఇస్తాను," అన్నాడు. "లోపల ఇంకా చల్లారలేదు."